మహిమ మోయించిన ఉయ్యాలలు

చౌకదుకాణంలో పోతయ్య కాటా మీద మహిమ ఎక్కి కూర్చున్న రోజున అంతోనమ్మ కూడా ఆ వరసలోనే ఉంది. బియ్యం రాలేదంటాడు పోతయ్య. అతని వీపు వెనక బస్తాలు గోడెత్తున కనబడుతూనే ఉన్నాయి. బస్తీలో నోరున్న మనిషంటే అంతోనమ్మే కాబట్టి ముందుగా ఆమే అందుకుంది. పోతయ్య పుట్టుక దగ్గర మొదలుపెట్టి, అతని దుకాణంలో బలిసిన పందికొక్కుల దాకా ఒక్కటీ వదలకుండా కడిగింది. అతను చెవిలో పుల్ల తిప్పుకుంటూ అంతా విన్నాడు. ఆమెకు ఆయాసమొచ్చి ఆగాక, అయిపోతే ఇంటికి పొమ్మన్నాడు.

అప్పుడు వరసలోంచి ఒక బక్కపిల్ల, భుజాన కాలేజీ సంచీ ఉన్నది, ముందుకొచ్చి కాటా బల్ల మీద బాసింపట్టు వేసుకొని కూర్చుంది. సంచీలోంచి పుస్తకం తీసి ఒళ్లో పెట్టుకుంది. పోతయ్య దిగమన్నాడు.

"బియ్యం లేవంటివి గద బాబాయ్. కాటా ఖాళీగనే ఉన్నది. నేను చదువుకుంట" అంది ఆ పిల్ల, మెల్లగా.

చక్కెర తూచాలన్నా గోధుమలు తూచాలన్నా ఆ కాటాయే దిక్కు. ఆడపిల్లను చెయ్యి పట్టి లాగితే వరసంతా మీద పడుతుంది. పోతయ్య బతిమాలాడు, బెదిరించాడు, మీ నాయన బెంజమిన్‌కు చెబుతానన్నాడు. ఆ పిల్ల పేజీ తిప్పింది. పొద్దు వాలే వేళకు అతనే బస్తా మూతి విప్పాడు.

అంతోనమ్మకు సంతోషం కన్నా ముందు రోషం వచ్చింది. పెళ్లయి ఈ కొత్తగూడెం వచ్చినప్పటి నుంచీ తాను ఈ నోటినే నమ్ముకొని బతికింది. నోరు విప్పకుండా గెలవడం ఒకటుంటుందని ఎవరూ చెప్పలేదు. బియ్యం మోసుకొని వస్తూ, "నీ వయసుల నాక్కూడ నడుము వంగేది పిల్లా, నేను గూడ కూసునేదాన్ని" అని అబద్ధమాడింది. మహిమ నమ్మినట్టే తల ఊపి, సంచీ తానే అందుకుంది. వాళ్లిద్దరికీ జత అట్లా కుదిరింది.

మహిమ తండ్రి బొగ్గుబావిలో పని చేస్తాడు. క్వార్టర్‌లో రెండు గదులు. ఇద్దరు ఆడపిల్లల తరువాత ఈమె మూడోది. మనుమణ్ని చూద్దామని మధిరలో బయలుదేరిన నాయనమ్మ, దారిలో కబురు తెలిసి అక్కడే బస్సు దిగి వెనక్కి పోయిందని ఆ ఇంట్లో నవ్వుకుంటూ చెప్పుకుంటారు. "అప్పుడు గా కడుపుల పిల్లను చూసే మిషన్లు లేకపాయె, లేకుంటె నువ్వేడుందువు" అని మేనత్తలు వచ్చినప్పుడల్లా ఆటపట్టిస్తారు. మహిమ వాళ్లతో పాటు నవ్వుతుంది. నవ్వి, లేచిపోయి గిన్నెలు తోముతుంది. ఆమె తోమితే గిన్నెలు సొట్టలు పడుతున్నాయని తల్లి ఒకసారి అంతోనమ్మ దగ్గర వాపోయింది. కారణమేమిటో తల్లికి తట్టలేదు. అంతోనమ్మకు తట్టింది గానీ చెప్పలేదు. అన్నిటికీ నోరు చేసుకునే ఓపిక ఈ మధ్య ఆమెకు లేదు.

ఓపిక ఎక్కడిది. పక్షవాతంతో మంచాన పడ్డ అత్తకు ఏళ్ల తరబడి ఎత్తిపోసింది. చచ్చిపోయిన చెల్లెలి పిల్లల్ని సాకి పెళ్లిళ్లు చేసింది. భర్త యోనా బొగ్గుదుమ్ము తిని తిని, చివరికి దగ్గుతూ దగ్గుతూ ఆమె ఒళ్లోనే కన్నుమూశాడు. పోయినవాళ్లు సమాధుల దొడ్లో ఉన్నారు, బతికినవాళ్లు వాళ్ల వాళ్ల ఇళ్లలో ఉన్నారు. చర్చి ఊడ్చి, పీఠం గుడ్డలు ఉతికి పెడుతుందని ఫాదర్‌గారు వెనక ఒక రేకుల గది ఇచ్చారు. అందులో ఒక మంచం, ఒక పొయ్యి, ఒక జపమాల. పడుకుంటే నీళ్లిమ్మని పిలిచే గొంతు లేదు, లేపమని పిలిచే గొంతు లేదు. ఇంతకాలానికి దొరికిన ఆ నిశ్శబ్దం ఎవరైనా బంగారమిస్తామన్నా ఆమె ఇవ్వదు. పండక్కి చుట్టాలొస్తామన్నా, గది చిన్నదని తిప్పి పంపేస్తుంది.

మహిమ డిగ్రీ రెండో ఏడాదికి వచ్చిన ఎండాకాలంలో చర్చికి ప్రహరీ గోడ లేపారు. ఇసుక మోయడానికి హేమ్లి వచ్చింది. జూలూరుపాడు అవతలి తండా ఆమెది. భర్త జైరాంది అదే గోడ మేస్త్రీ చేతికింద పని. ఇద్దరు చిన్న కూతుళ్లను తండాలో అత్త దగ్గర వదిలి, వారానికోసారి పోయి చూసుకొని వచ్చేవాళ్లు. హేమ్లికి కడుపు కనబడుతోంది. తట్ట దించినప్పుడల్లా గోడకు ఆనుకొని కళ్లు మూసుకుంటుంటే, అంతోనమ్మ తిడుతూనే కుండలో నీళ్లు ముంచి ఇచ్చేది.

ఒక మధ్యాహ్నం మహిమ కూడా అక్కడే ఉండగా హేమ్లి చెప్పేసింది. అడిగి చెప్పించుకున్నది కాదు, ఇసుక తట్ట దించినట్టు దించింది. బస్టాండు వెనక సందులోని ప్రైవేటు ఆసుపత్రిలో జైరాం మిషను మీద చూపించాడట. చెప్పగూడదని గోడమీద రాసిపెట్టిన చోటే, ఆడపిల్లని చెప్పారట. తీసేయడానికి సోమవారం రమ్మన్నారట.

"నీకేమున్నది మనసుల" అని అడిగింది మహిమ.

హేమ్లి కొంగుతో చెమట తుడుచుకుంది. అంతోనమ్మ వైపు తిరిగి, తండావాళ్లు తల్లిని పిలిచినట్టు యాడీ అని పిలిచింది. "ఉంచుకోవాలనే ఉన్నది యాడీ. ఉంచుకొని ఏడ పెట్టుకోవాలె" అంది. తట్ట ఎత్తుకొని పోయింది.

చర్చి యువజన సంఘం పిల్లలు, కాలేజీలో తోటివాళ్లు కలిసి ఆ ఆసుపత్రి ముందర నిలబడాలని మహిమ అప్పటికే ఎన్నాళ్లుగానో చెబుతోంది. కడుపులో పిల్లను తీసేయడం తప్పని, తప్పు జరిగేచోట కనీసం నిలబడి చూడాలని ఆమె పట్టు. ఎప్పుడో చేద్దామనుకున్నది ఇప్పుడు సోమవారానికి తెచ్చింది. హేమ్లి పేరు మాత్రం ఎవరికీ చెప్పలేదు.

తెచ్చినంత సులువుగా జరగలేదు. ప్రిన్సిపాల్ కాలేజీ పేరు వాడితే టీసీ ఇచ్చి పంపుతానన్నాడు. పోలీస్‌స్టేషన్‌లో మైకు వద్దు, నినాదాలు వద్దు, రోడ్డు ఆపొద్దు అన్నారు. మహిమ అన్నిటికీ సరే సార్ అంది, ఆమె కోరుకున్నదీ అదే. సంఘంలో జోయెల్ అని ఒక పిల్లవాడు, గొంతున్నవాడు, నినాదాలు లేకుండా ఇదేం ధర్నా అని అలిగాడు. ఎక్కడో ధ్యానకూటంలో పంచిన ఫొటోలు తెచ్చాడు, నెత్తుటి ముద్దలవి. మహిమ వాటిని తిరగేసి పెట్టింది. లోపల పడుకున్న ఆడమనిషికి మన కేక వినబడితే తననే తిడుతున్నారనుకుంటుంది, ఈ బొమ్మ చూస్తే గుండాగిపోతుంది, మనం పోయేది ఆమె మీదికి కాదు అని చెప్పింది. ఇంకొకరు, ఆడపిల్లల్ని కాపాడండి అని ఒక్కమాట రాస్తే ఊరంతా మెచ్చుకుంటుంది, పేపర్లో ఫొటో కూడా వస్తుందన్నారు. మగపిల్లవాడైతే తీసెయ్యొచ్చా మరి, అని మహిమ అడిగింది. ఆ మాట రాయడం మానేశారు.

చివరికి ఉయ్యాలల ఆలోచన ఆమెదే. ప్రతి ఇంట్లో తల్లి పాతచీర ఉంటుంది. దాన్ని కర్రకు రెండువైపులా కట్టి, ఇద్దరిద్దరు భుజాన మోసుకొని, ఖాళీ ఉయ్యాలలతో మాట్లాడకుండా నడవాలి. ఆసుపత్రి ఎదురుగా రోడ్డుకు ఇవతల నిలబడి, డాక్టరమ్మ కారు దిగేటప్పుడు చూస్తుండాలి. అంతే.

పెద్ద మనిషి ఒకరు వెంట లేకుండా ఆడపిల్లల్ని పంపనని ఫాదర్‌గారు అన్నారు. మహిమ రేకుల గదికి వచ్చింది.

"నా మోకాళ్లే నా మాట ఇంటలేవు పిల్లా. ఇగ ఊరు ఇంటదా" అంది అంతోనమ్మ.

"నువ్వు మాట్లాడొద్దవ్వా. నడువు చాలు."

నోరు మూసుకొని నడవమని అంతోనమ్మకు చెప్పినవాళ్లెవరూ అంతకుముందు లేరు. సణుగుతూనే సోమవారం తలస్నానం చేసి, తెల్లచీర కట్టుకుంది.

ఎండ పొద్దున్నే ముదిరింది. చర్చి గేటు దగ్గర పిల్లలంతా చీరలు కట్టిన కర్రలు భుజాలకెత్తుకున్నారు. నీలం చీరలు, పూల చీరలు, అంచులు చిరిగినవి. జోయెల్ మూతి బిగించుకొని ముందు కర్ర పట్టాడు. అంతోనమ్మ చివర, ఒక్కొక్క అడుగూ మోకాలిని అడిగి వేస్తోంది. ఇంటి దగ్గర మంచం గుర్తొస్తోంది.

బస్టాండు దాకా బాగానే నడిచారు. అక్కడే అసలు పొరపాటు బయటపడింది. క్వార్టర్లలో పుట్టిన పిల్లలకు కర్రకు చీర కడితే ఉయ్యాల. భద్రాచలం వైపు అడవి ఊళ్లవాళ్లకు అది ఉయ్యాల కాదు. ఆ ఊళ్లకు రోడ్లు లేవు. కాన్పు కష్టమైన మనిషినైనా, పాము కరిచిన మనిషినైనా చీరలో వేసి కర్రకు కట్టి, ఇద్దరు మోసుకొని వాగులు దాటి తెస్తారు. దారిలో ఎదురైనవాడు ఏ ఊరు, ఎవరి మనిషి అని అడగకుండా కొంతదూరం భుజం ఇవ్వాలి. ఆ రోజు బస్టాండు నిండా చింతపండు గంపలతో దిగిన వాళ్లే.

వాళ్లు లేచి నిలబడ్డారు. దారి ఇచ్చారు. ఒక ముసలాయన గంప పక్కన పెట్టి, తలగుడ్డ భుజానికి మార్చి, గబగబా వచ్చి జోయెల్ భుజం కింద నుంచి కర్ర తీసుకున్నాడు. జోయెల్ వద్దన్నా వినలేదు. ఆయన్ని చూసి ఇంకొందరు వచ్చి మిగతా కర్రలు అందుకున్నారు. పిల్లలు దిక్కుతోచక మహిమ వైపు చూశారు. మహిమ అంతోనమ్మ వైపు చూసింది.

నాలుగడుగులు వేశాక ముసలాయన చెయ్యి వెనక్కి పెట్టి చీరను తడిమాడు. ఆగకుండానే అంతోనమ్మను అడిగాడు.

"బరువే లేదేందమ్మా. మనిషేడ?"

తిట్లన్నీ నోట్లోనే ఉండే అంతోనమ్మకు మాట వెతుక్కోవాల్సి వచ్చింది. "ఇంక పుట్టలేదయ్యా. పుట్టనిస్తలేరు" అంది.

ఆయన చీర మీంచి చెయ్యి తీశాడు. "అయితే జల్దీ నడువుండ్రి" అని కర్రను రెండో భుజానికి మార్చుకున్నాడు.

ఆ వేగానికి పిల్లలు పరుగెత్తాల్సి వచ్చింది. రోడ్డుకు ఇవతల ఆగాలని వాళ్లకెవరు చెప్పాలి. అడవి మనుషులు అంతమంది కర్రలు మోసుకొస్తుంటే ఆసుపత్రి వాచ్‌మన్ కూడా అందరిలాగే అనుకున్నాడు. గేటు బార్లా తెరిచి, స్ట్రెచర్ అని లోపలికి కేకేశాడు. తీరా అందరూ వరండాలోకి వచ్చేశాక, చీరల్లో ఎవరూ లేరని అతనికి తెలిసింది. అప్పటికి ఉయ్యాలలన్నీ లోపలున్నాయి.

మహిమ చూడాలనుకున్నది డాక్టరమ్మను. చూసింది బెంచీలను. గోడవారగా ఆడవాళ్లు కూర్చొని ఉన్నారు. పల్లెటూరి వాళ్లున్నారు, పట్నం వాళ్లున్నారు. చర్చిలో పాటల గుంపులో పాడే ఒక ఇల్లాలు కూడా ఉంది. ఆమె కొంగు ముఖం మీదికి లాక్కుంది. అంతోనమ్మ చూడనట్టు తల తిప్పుకుంది. చివరి బెంచీ మీద హేమ్లి, పక్కన జైరాం. కళ్లెదుట చీర వేలాడుతుంటే హేమ్లి అందులో శవమేదో ఉందనుకొని కాళ్లు పైకి ముడుచుకుంది.

ఎవరూ మాట్లాడలేదు. మాట్లాడొద్దనే కదా అనుకున్నారు. రోడ్డు మీద గొప్పగా తోచిన మౌనం అక్కడ బెంచీల మీది వాళ్ల నెత్తిన బండలాగా కూర్చుంది.  ముందు బెంచీ మీద కోడల్ని తెచ్చిన ఒక అత్త లేచింది.

"ఏందమ్మా, మా కోడలు కంటె నువ్వు పెంచుతవా? నీ ఇంటికి పట్టుకపోతవా?"

అంతోనమ్మ నాలుక లేచింది. అత్త అన్నదానికి అప్పటికప్పుడు పది జవాబులు దొరికాయి. మహిమ అంతోనమ్మ మణికట్టు గట్టిగా పట్టుకుంది.  

డాక్టరమ్మ వచ్చి పోలీసుల్ని పిలిపిస్తానంది. స్టేషన్ నుంచి పిల్లల వెంట నడిచి వచ్చిన కానిస్టేబులు, వీళ్లు పల్లెత్తు మాట అనలేదు మేడం, గేటు మీవాళ్లే తెరిచారు అని నీళ్లు నమిలాడు. ఈ రోజుకు ఎవర్నీ చూడను పొమ్మని ఆమె తలుపేసుకుంది. ఆడవాళ్లు ఒక్కొక్కరే లేచి పక్క దోవన వెళ్లిపోయారు. వెళ్తూ ఎవరూ ఉయ్యాలల వైపు చూడలేదు.

జైరాం హేమ్లిని గేటు బయటకు తెచ్చి వాళ్ల మాటలో ఏదో చెప్పాడు. అంతోనమ్మకు మాట అర్థం కాలేదు గానీ కడుపు వైపు చూపిన వేలు, దీనితో తండాకు రావద్దన్నట్టు ఊపిన చెయ్యి అర్థమయ్యాయి. కొట్టలేదు, అరవలేదు. మనిషి అలిసిపోయి ఉన్నాడు. ఒక కాలికి ఒక రకం చెప్పు, ఇంకో కాలికి ఇంకో రకం. ఆ చెప్పులతోనే బస్టాండు వైపు నడిచిపోయాడు. హేమ్లి గోడ నీడన నిలబడిపోయింది.

సాయంత్రం సంఘం పిల్లలు చర్చి వసారాలో మిరపకాయ బజ్జీలు తెచ్చుకున్నారు. ఒక్కరోజు ఆసుపత్రి మూయించామని జోయెల్ కర్ర ఎత్తి పట్టి నడిచి చూపించాడు, అందరూ నవ్వారు. మహిమ అక్కడ లేదు. ఆమె హేమ్లిని వెంటబెట్టుకొని సిస్టర్ల మఠానికి పోయిందని, భర్త సంతకం లేకుండా పెళ్లయిన మనిషిని ఉంచుకోలేమని వాళ్లు చెప్పారని తరువాత తెలిసింది. అక్కడి నుంచి ఆమెను తన ఇంటికే తీసుకుపోయింది. పెద్ద పిల్లకు సంబంధాలు చూస్తున్న సమయంలో ఇదేమిటని తల్లి ఏడ్చింది. బెంజమిన్ చొక్కా వేసుకొని రాత్రి డ్యూటీకి పోయాడు.

దీపాలు పెట్టే వేళకు అంతోనమ్మ కాళ్లకు వేడినీళ్ల కాపడం పెట్టుకుంటుంటే మహిమ గుమ్మంలోకి వచ్చింది. హేమ్లి బయట కొత్త గోడ దగ్గరే ఆగింది. చేతిలో చిన్న మూట.

అంతోనమ్మకు చూడగానే తెలిసిపోయింది. తెలియనట్టు కాపడం గుడ్డ పిండుకుంది. మంచం వైపు చూసింది. అది ఒక్క మనిషికే పట్టే మంచం.

"బజ్జీలు తినకపోయినవా పిల్లా" అంది.

"తినబుద్ధి కాలే."

"గెలిస్తివి గదా."

"ఆ ముసలామె అడిగింది ఇన్నవా అవ్వా? పట్టుకపోతవా అన్నది. నా దగ్గర జవాబు లేకపాయె. ఇప్పటికీ నేను చేసింది తప్పనుకుంటలేను. కానీ అడ్డం నిలబడొచ్చిన, అవుతల ఏందో ఆలోచించకపోతిని."

"నువ్వు ఆలోచించకపోతివని నేను మొయ్యాల్నా? నేను మోసినోళ్లను లెక్కపెట్టుకో. నాకిగ చాతకాదు. నా నడుముకు తెలుసు, నీకు తెల్వదు" అంది అంతోనమ్మ. ఆ మాటలో ఎప్పటి పదును లేదు. అలసటే ఉంది. నిజం చెప్పేటప్పుడు ఆమె గొంతు ఎప్పుడూ చిన్నదైపోతుంది.

మహిమ కూర్చోలేదు.  గుమ్మంలో ఒక పక్కకు జరిగి నిలబడింది. ఆ జరిగిన సందులోంచి హేమ్లి కనబడింది. గోడకు వీపు ఆనించి కళ్లు మూసుకొని ఉంది. పొద్దుటి నుంచి ఏమీ తిని ఉండదు. రెండు చేతులూ కడుపు మీద ఉన్నాయి.

అంతోనమ్మ తిట్టుకుంటూ లేచి గిన్నెలో ఇంకొక గుప్పెడు బియ్యం పోసింది. ఒకరోజుకే, రేపు పొద్దున్నే పంపించేస్తా, ఇది సత్రం కాదు అని గోడకు చెప్పింది. హేమ్లి లోపలికి వచ్చి మూట పొయ్యి పక్కన పెట్టి, ఎవరూ చెప్పకుండానే ఎసరు కింద పుల్లలు సర్దింది.

మహిమ ఇంకా పోలేదు. ఒకరోజుకు కాదని ఆమెకు తెలుసు, అంతోనమ్మకూ తెలుసు. హేమ్లి వినకుండా దగ్గరికొచ్చి, అసలు అడగాల్సింది అప్పుడు అడిగింది.

"కాన్పయ్యేదాక నీ దగ్గరుంటది గానీ, తండాల ఉన్న పిల్లలిద్దరు లేకుంటె ఈమె నిలువదవ్వా. ఆ పిల్లల కోసమైనా రెండ్రోజులల్ల ఆయన చెప్పినట్టు ఇనుకుంట పోతది. నేను పోతే జైరాం ఇయ్యడు, నన్ను చూస్తెనే మండుతడు. పొద్దుగాల బస్సుకు నువ్వు జూలూరుపాడు పో. తండాకు పోయి ఆ పిల్లలిద్దర్ని పంపియ్యమని అడుగు. తిట్టకు అవ్వా. ఒక్కమాట కూడ తిట్టకుండ, అడుక్కున్నట్టే అడుగు."